విహారము – విహారయాత్ర

తెలుగునాట నేడు ‘విహారయాత్ర’ యన్న మాట వినబడిన వెంటనే చల్లని కొండగాలి, లోయలోని పొగమంచు, కుటుంబమంతయు కలిసి చేయు ప్రయాణము మనస్సున మెదలును. అదే ‘విహారము’ అను శబ్దమునకు ప్రాచీన భారతదేశమున మరియొక అర్థము గలదు. ఇల్లు వాకిలి విడిచిన భిక్షువులు వానకాలమున తల దాచుకొని ధ్యానాధ్యయనములు సాగించిన నివాసమునకు విహారమని పేరు. ఒక్క శబ్దమే ఒకచోట వినోదమును, మరియొకచోట వైరాగ్యమును తెలుపుచున్నది. ఈ రెండర్థముల నడుమ యాత్రికుడు ఎచ్చట నిలువవలెనన్నది నేటి కుటుంబములకు తరచుగా ఎదురగుచున్న ధర్మసందేహము.

విశాఖపట్టణమునకు వచ్చు వైష్ణవ యాత్రికులకు ప్రధాన గమ్యము సింహాచలము. అచ్చట శ్రీ వరాహలక్ష్మీనృసింహస్వామి సంవత్సరమున ఒక్క వైశాఖ శుద్ధ తదియనాడు మాత్రమే నిజరూప దర్శనమిచ్చి, తక్కిన దినములన్నిట చందనాచ్ఛాదితుడై యుండును. స్వామిని సేవించిన పిమ్మట పిల్లల కోరికపై శృంగవరపుకోట మీదుగా అనంతగిరి కనుమ నెక్కి, బొర్రా గుహలను చూచి, పట్టణమునకు సుమారు 115 కిలోమీటర్ల దూరమున నున్న అరకులోయకు పోవువారు పెక్కుమంది. మరునాడు అనకాపల్లి త్రోవ పట్టినవారికి శంకరము గ్రామము చెంత రెండు గుట్టలు కనబడును. తూర్పుది బొజ్జన్నకొండ, పడమటిది లింగాలకొండ. చిక్కు అచ్చటనే మొదలగును. బండి ఆగినప్పుడు ఇంటి పెద్ద, ‘అది బౌద్ధుల తావు. నారాయణుని సేవించి వచ్చిన కన్నులతో అచ్చటికేల?’ యని దిగక కూర్చుండును. యువకులు సెల్‌ఫోనులు చేతబట్టి ఛాయాచిత్రములకై మెట్లపైకి పరుగిడుదురు. వారి వెంట పోయిన పసిబిడ్డ గుహద్వారముపై కూర్చున్న మూర్తిని చూచి, తిరిగి వచ్చి, ‘తాతయ్యా, ఆయనకు దండము పెట్టవచ్చునా?’ యని అడుగును. పెద్దవాని సంకోచమును తీర్చుట, యువకుల ఉత్సాహమును అదుపు చేయుట అంత కష్టము కాదు. బిడ్డ అడిగిన ప్రశ్నకు తగిన సమాధానము చెప్పుటయే కష్టము.

ముందుగా ఆ స్థలమెట్టిదో తెలిసికొనవలెను. 2022లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలోని ఈ గుట్టలను 1906 మొదలుకొని అలెగ్జాండర్ రే పర్యవేక్షణమున త్రవ్వి పరిశోధించిరి. బొజ్జన్నకొండపై రాతిని తొలిచిన గుహలు, వాని ద్వారములకు ఇరువైపుల ద్వారపాలకులు, లోపల స్తంభముల నడుమ కొండరాతినుండియే మలచిన స్తూపము, దాని చుట్టును ప్రదక్షిణమునకు చోటు గలవు. గుట్టపై రాతినే మలచి, దానికి ఇటుకలు తొడిగిన మహాస్తూపము గలదు. లింగాలకొండపై చిన్నవి, పెద్దవియైన రాతిస్తూపములు వరుసలు వరుసలుగా నున్నవి. దూరమునుండి చూచినవారికి అవి శివలింగములవలె తోచుటచే ఆ గుట్టకు ఆ పేరు వచ్చినది. గ్రామనామమైన శంకరము ‘సంఘారామము’ అను పదమునుండి పుట్టినదనియు, బొజ్జన్న యను పేరు ‘బుద్ధ’ శబ్దము మారిన రూపమనియు పండితులు చెప్పుదురు. హీనయాన, మహాయాన, వజ్రయానములు మూడింటి జాడలును అచ్చట గలవు. అనగా పెక్కు తరములవారు పలు శతాబ్దములు ఆ గుట్టపై నివసించి, తాము నమ్మిన మార్గమున తపస్సు సాగించిరి.

సంఘము చెదరినది. భిక్షువులు పోయిరి. పేరు మాత్రము ప్రజల నాలుకపై నిలిచి, అర్థమును కోల్పోయినది. బుద్ధుడు బొజ్జన్న యయ్యెను. ‘బొజ్జ’ యనగా తెలుగున ఉదరము గనుక, ఆ కొండపై పెద్ద పొట్టవలె కనబడు కట్టడము ఒక రాక్షసుని శరీరభాగమన్న కథ పుట్టెను. దానిపై కనుమ పండుగనాడు చుట్టుప్రక్కల గ్రామములవారు గుమిగూడి రాళ్లు రువ్వు ఆచారము తరతరములుగా సాగినది. ఇటీవలి సంవత్సరములలో పురావస్తు శాఖవారును, వారసత్వ సంపదను కాపాడ బూనిన సంస్థలవారును, రక్షకభటుల తోడ్పాటుతో దానిని మాన్పించుటకు కృషి చేసిరి.

ఈ వృత్తాంతమును విని గ్రామీణులను దూషించుట తగదు. రాయి విసరినవాని మనస్సున బుద్ధునిపై ద్వేషము లేదు. అతడు బుద్ధుని ఎరుగనే ఎరుగడు. దుష్టుని కొట్టుచున్నానను సంతోషముతో, పండుగ ఉల్లాసముతో, తండ్రి చేసినదే తానును చేసినాడు. కాని విచారింపదగిన సంగతి అదియే. ఒక ప్రాణికిని హాని తలపెట్టరాదని బోధించినవాని పేరు, కాలమహిమచే, రాళ్లు తినదగిన రాక్షసుని పేరైనది. పశువులను పూజించి, వాని మేలునకు కృతజ్ఞత తెలుపుకొను కనుమనాడే ఆ రాళ్లు పడినవి. అదే బొజ్జ శబ్దముతో తెలుగు తల్లులు విఘ్నేశ్వరుని ముద్దుగా పిలిచి ఉండ్రాళ్లు నివేదింతురు. శబ్దము ఒక్కటే. తెలిసినచోట అది నైవేద్యమును తెచ్చినది, తెలియనిచోట రాతిని తెచ్చినది. కావున పాపమునకు ద్వేషమే అక్కరలేదు, తెలియకపోవుటయు, తెలిసికొనవలెనను తలపు లేకపోవుటయు చాలును. అజ్ఞానకృతమైన దోషమునకు తెలిసికొనుటయే మొదటి ప్రాయశ్చిత్తము.

ఇక పెద్దవాని సంకోచమును విచారింతము. అది త్రోసివేయదగినది కాదు. అనన్యభక్తి వైష్ణవునకు ప్రాణము. భర్త యొక్కడేయని నమ్మిన పతివ్రతవలె, శ్రియఃపతి యొక్కడే శరణ్యుడని నమ్మినవాడు దేవతాంతరముల ముంగిట చేయి చాపడు. ఈ నిష్ఠను సంకుచితత్వమని హేళన చేయువారు దాని లోతు నెరుగరు. అయితే అనన్యత్వమనగా ఏమి? తన ఉపాయమును, ఉపేయమును, రక్షకుడును ఒక్కడేయని నిశ్చయించుకొనుట. తన చిత్తము ఎచ్చట నిలువవలెనో అది చెప్పును. ఇతరుల తపోభూమిని చూచినప్పుడు ముఖము చిట్లింపుమని అది చెప్పదు. పతివ్రత పరపురుషుని కోరదు. కాని పొరుగింటి పెద్దమనిషి ఎదురైనప్పుడు తల వంచి ప్రక్కకు తొలగును గాని, అతనిపై దుమ్ము చల్లదు. అట్లు చల్లినచో ఆమె పాతివ్రత్యము పెరుగదు, మర్యాద తరుగును. కోరుట వేరు, గౌరవించుట వేరు. అనన్యత్వము మొదటిదానిని నిషేధించును, రెండవదానిని నిషేధింపదు.

పూర్వాచార్యుల ఆచరణము దీనిని బలపరుచుచున్నది. భగవద్రామానుజులు శ్రీభాష్యమున రెండవ అధ్యాయము రెండవ పాదమునందు బౌద్ధమతమును ఖండించిరి. సముదాయాధికరణము, ఉపలబ్ధ్యధికరణము, సర్వథానుపపత్త్యధికరణము అను మూడు అధికరణములలో, బాహ్యార్థము గలదనువారిని, విజ్ఞానమాత్రమే సత్యమనువారిని, సర్వము శూన్యమనువారిని వేర్వేరుగా నిలిపి, వారి వారి యుక్తులను విప్పి చెప్పి, పిదపనే సమాధానమిచ్చిరి. శాస్త్రపద్ధతిలో దీనికి పూర్వపక్షమని పేరు. ప్రతివాది తానే వచ్చి విన్నను, ‘అవును, నా మాట ఇదియే’ యని ఒప్పుకొనునట్లు వాని పక్షమును చెప్పలేనివానికి దానిని ఖండించు అధికారము లేదు. ఎదుటివానిని ముందుగా అర్థము చేసికొనుటయను ధర్మము ఖండనమునందే ఇమిడియున్నది. రాయి విసరువాడు పూర్వపక్షము నెరుగడు. ఆచార్యులు బౌద్ధులతో విభేదించిరి, అందు సందేహము లేదు. ఆ విభేదము మాటలతో, యుక్తులతో నడచినది. ఎదుటివాని పక్షమును చదువనైనను చదువక ముఖము త్రిప్పుకొనువాడు రామానుజుల త్రోవను నడచుచున్నానని చెప్పుకొనజాలడు.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. గురుపరంపరా గ్రంథములలో తిరుమంగై ఆళ్వారు శ్రీరంగనాథుని కైంకర్యమునకై నాగపట్టణమునందలి స్వర్ణబుద్ధప్రతిమను గైకొన్న వృత్తాంతము గలదు గదా, దానికేమందురని. భక్తులు ఈ కథను దాచవలసిన పనిలేదు. భాగవతమున రాసలీల చెప్పిన పిమ్మట పరీక్షిత్తునకు సందేహము కలిగినప్పుడు శుకమహర్షి చెప్పిన సమాధానమే ఇచ్చటను సమాధానము. మహాత్ముల వాక్కు అందరికి ప్రమాణము. వారి చేష్టలన్నిటిని అందరు అనుకరింపరాదు. సముద్రమున పుట్టిన విషమును రుద్రుడు మ్రింగినాడని తక్కినవారు మ్రింగినచో నశింతురు. తన సర్వస్వమును భగవత్కైంకర్యమున ధారవోసి, తనకై ఒక్క గవ్వనైనను మిగుల్చుకొనని ఆళ్వారుల ప్రేమావేశము వేరు. ఇంట సుఖముగా కూర్చుండి, ఏమియు త్యజింపక, పరమతమును మాత్రము ఈసడించువాని స్థితి వేరు. ఆళ్వారుల ప్రేమలో నూరవ పాలు లేనివాడు వారి తీవ్రతను అరువు తెచ్చుకొనుట అపచారము.

బుద్ధుడు విష్ణువు అవతారమా కాదా యన్న చర్చయు ఇచ్చటికి వచ్చును. భాగవతపు మొదటి స్కంధమున అవతార పరిగణనలో బుద్ధుని పేరు గలదు. అచ్చట ఆ అవతారమునకు చెప్పిన ప్రయోజనము సురద్వేషులను మోహింపజేయుట. జయదేవకవి గీతగోవింద దశావతార స్తుతిలో బుద్ధుని చేర్చి, యజ్ఞపశువులపై ఆయన చూపిన కరుణను కీర్తించెను. శ్రీవైష్ణవ సంప్రదాయమున దశావతారములను లెక్కించునప్పుడు బలరాముని చేర్చి, బుద్ధుని చేర్పకుండుట ప్రసిద్ధము. ఈ పక్షములలో ఏది గ్రాహ్యమో వారి వారి గురుపరంపరను బట్టి నిర్ణయింపవలెను. కాని ప్రస్తుత ప్రశ్నకు ఆ నిర్ణయము అక్కరలేదు. బుద్ధుడు అవతారమే యైనచో విసరిన రాయి హరిపైననే పడినది. అవతారము కానిచో, ఆ గుహలలో ఇంద్రియములను గెలువ యత్నించిన మనుష్యుల హృదయములందు అంతర్యామియై యున్నవాడు ఎవడు? విశిష్టాద్వైత సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు నారాయణుని శరీరమే గదా! వారు ఆయనను ఒప్పుకొనలేదని ఆయన వారిని విడువలేదు. కనుక రెండు పక్షములందును అవమానమునకు తావు లేదు.

పెద్దవాని వైపు దోషమును చూచినట్లే, నేడు ప్రబలుచున్న రెండవ దోషమును చూడవలెను. ‘అన్ని మతములు ఒక్కటే, అందరు చెప్పినది ఒక్కటే’ యని తేలికగా అనివేయుట విద్యావంతుల లక్షణమైనది. ఇది ఔదార్యమువలె తోచును గాని, దీనియందును తెలిసికొనుటకు బద్ధకమే మూలము. బౌద్ధులు జగత్కర్తయగు ఈశ్వరుని ఒప్పలేదు. నిత్యమైన ఆత్మను ఒప్పలేదు. ఆ ఒప్పకుండుటకై వారు జీవితములనే ధారవోసిరి. ‘మీరును మా మాటనే చెప్పినారు’ అనుట వారిని గౌరవించుట కాదు, వారు చెప్పినది వినకుండుట. స్తూపమును లింగమని తలచి విభూతి పెట్టువాడు భక్తుడే కావచ్చును. ఐనను అది స్తూపమని తెలిసికొని ఊరక నిలిచినవాడే ఆ స్థలమునకు న్యాయము చేసినవాడు. తెలియక విసరిన రాయియు, తెలియక పెట్టిన బొట్టును అక్కాచెల్లెండ్రు. భేదమును భేదముగా చూచి, ఆ భేదముతోనే ఆదరించుట పెద్దల మార్గము.

పూర్వపు రాజులు ఈ మార్గమును ఎరిగియుండిరి. శంకరమున దొరకిన నాణెములలో సముద్రగుప్తుని బంగారు నాణెము, చాళుక్య విష్ణువర్ధనుని రాగి నాణెములు గలవు. సముద్రగుప్తుని రాజముద్ర గరుత్మంతుడు. చాళుక్యుల లాంఛనము వరాహము. గరుడాంకితులును, వరాహాంకితులునైన ప్రభువుల నాణెములు భిక్షువుల ఆరామమున చెల్లినవి. సింహళరాజైన మేఘవర్ణుడు బుద్ధగయలో తన దేశపు భిక్షువులకై విహారము కట్టించుకొన అనుమతి కోరగా సముద్రగుప్తుడే దానిని ప్రసాదించెను. గరుడధ్వజుని కొలుచుట ఆయనకు అడ్డు కాలేదు. విజయవాడ చెంత ఉండవల్లి గుహలలో నేడు అనంతపద్మనాభుడు ఏకశిలామూర్తియై శయనించి యున్నాడు. ఆ గుహలు మొదట శ్రమణుల నివాసములుగా తొలువబడినవని పలువురు పండితుల భావము. అచ్చటికి పోయి స్వామిని సేవించు వైష్ణవుడు, తొలుత రాతిని తొలిచిన చేతులను తలచుకొని ఒక్క నిమిషము కృతజ్ఞుడైనచో స్వామి సంతసించునేగాని అలుగడు.

ఇంతవరకు గుహల సంగతి. కొండల విషయమునను ఇదే ధర్మము వర్తించును. సింహాచలమున ఆషాఢ పౌర్ణమికి భక్తులు 32 కిలోమీటర్ల గిరిప్రదక్షిణము పాదచారులై చేయుదురు. తిరుమల కొండను సాక్షాత్తు ఆదిశేషుని రూపముగా భావించి, చెప్పులు లేక ఎక్కువారు నేటికిని గలరు. కొండనే స్వామి మేనిగా తలచు ఈ జనులే అనంతగిరి కనుమలో బండి కిటికీనుండి ప్లాస్టిక్ సీసాలను లోయలోనికి విసరుటకు వెనుదీయరు. అనంతుని పేరు ధరించిన గిరి ఏమి అపరాధము చేసినది? ఆ సీసాయు బొజ్జన్నకొండపై పడిన రాయివంటిదే. విసరువానికి ద్వేషము లేదు, ధ్యాసయు లేదు. విశాఖకు ఉత్తరమున సముద్రతీరముననున్న తొట్లకొండ బౌద్ధస్థలము 1976లో నౌకాదళమువారి సర్వేక్షణమున బయటపడెను. రాతిలో తొలిచిన నీటితొట్లను బట్టి దానికి ఆ పేరు. ఆ కొండపై నివసించినవారు పడిన వానచినుకును తొట్టిలో నిలుపుకొని బ్రదికిరి. నీటిని త్రాగి, పాత్రను కొండపై పారవైచి దిగివచ్చువారు వారినుండి నేర్చుకొనవలసినది గలదు. అట్లే అరకులోయలోని గిరిజనులను, వారి ధింసా నృత్యమును ఒక వింతవస్తువువలె చూచి, ఛాయాచిత్రము తీసికొని మరలుట తగదు. ఆ కొండకు వారు గృహస్థులు, యాత్రికుడు అతిథి. అతిథికిని ధర్మములు గలవు.

విహారయాత్రను తృణీకరింపనక్కరలేదు. వృద్ధులకు గాలిమార్పు, పిల్లలకు సంతోషము అవసరమే. కాని దానిని ధర్మముతో ముడివేయవచ్చును. కర్నూలు జిల్లా ఎర్రగుడి శిలలపై అశోకుని పదునాలుగు ధర్మశాసనములు చెక్కబడి యున్నవి. ఎనిమిదవ శాసనమున ఆయన, పూర్వపు రాజులు వేట మొదలగు వినోదములకై విహారయాత్రలు చేసెడివారనియు, తాను పట్టాభిషిక్తుడైన పదియవ ఏట సంబోధికి పోయినది మొదలు వానికి బదులు ధర్మయాత్రలు చేయుచుంటిననియు చెప్పికొనెను. ఆ ధర్మయాత్రలో ఏమి చేయుదురు? బ్రాహ్మణులను, శ్రమణులను ఇరువురను దర్శించి దానములిచ్చుట, వృద్ధులను చూచి ఆదుకొనుట, పల్లెప్రజలను కలిసికొని ధర్మవిచారము చేయుట. పండ్రెండవ శాసనమున, తన మతముపై మక్కువచే దానిని పొగడి పరమతమును నిందించువాడు తన మతమునకే మిక్కిలి హాని చేయుచున్నాడని హెచ్చరించెను. ఆ మాట చెప్పినవాడు బౌద్ధుడు. చెప్పినది మంచి గనుక వైష్ణవుడు స్వీకరించుటకు అభ్యంతరము లేదు.

ఇప్పుడు పసిబిడ్డ ప్రశ్నకు రావలెను. ‘ఆయనకు దండము పెట్టవచ్చునా?’ యన్నదానికి ఇంటి పెద్ద బండి దిగి, బిడ్డ చేయి పట్టుకొని మెట్లెక్కి, ఇట్లు చెప్పవచ్చును: ‘నాయనా, ఈయన మన ఇలవేలుపు కాడు. మనకు కావలసినది అడుగుటకు మన స్వామి యున్నాడు. ఈయన రాజ్యమును విడిచి, లోకుల దుఃఖమునకు మందు వెదకిన మహానుభావుడు. ఈయన చెప్పిన కొన్ని మాటలను మన ఆచార్యులు ఒప్పుకొనలేదు. ఎందుకు ఒప్పుకొనలేదో నీవు పెద్దవాడవై చదువుకొనవలెను. ఊరిలోని పెద్దలకు నమస్కరించినట్లు ఈయనకు నమస్కరింపుము. గోడపై పేరు గీయకుము. ఇచ్చటి రాయి నొకటియు కదల్పకుము.’ ఈ మాటలు విన్న బిడ్డకు తన దైవముపై నిష్ఠ తగ్గదు, పరుల తపస్సుపై చిన్నచూపు కలుగదు. ఈ రెండును కలిసి నిలిచిన హృదయమునకే వైష్ణవహృదయమని పేరు.

సింహాద్రినాథుని నిజరూపము సంవత్సరమున ఒక్కనాడే కనబడును. చందనపు పూతను చూచి, ‘లోపల ఏమియు లేదు’ అనువాడు భక్తుడు కాడు. పైకి కనబడినదానితో తీర్పు చెప్పరాదని ఆ క్షేత్రమే నేర్పుచున్నది. ఆ పాఠమును గ్రహించిన యాత్రికుడు బొజ్జన్నకొండ మెట్లపైనను, అరకు దారిలోను దానిని మరువకుండుగాక. యాత్రకు పోవు కుటుంబములు తాము విడిచి వచ్చిన ప్రతి కొండను తాము చూచినప్పటికంటె శుభ్రముగా నుంచి, తమ బిడ్డల నోట నిందావాక్యము లేకుండ తిరిగివచ్చునట్లు సర్వాంతర్యామియైన శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక.